పని తీరిన ఆజ్ఞలు

పెండ్లి పందిరి వేయునాడు పనివారికి కొదువ యుండదు. పందిరి విప్పి, రాటలు పెరికి, గుంటలు పూడ్చి, అద్దెకు తెచ్చిన గుండిగలను లెక్కచూచి తిరిగి యిచ్చునాటికి ఇంటిలో ఒకరిద్దరు మాత్రమే మిగులుదురు. పెండ్లి బాగుగా జరిగినదని అందరును చెప్పుకొందురు గాని, గుండిగలు తిరిగి చేరినవా అని అడుగువారు అరుదు. కంప్యూటరులకు ప్రోగ్రాములు, అనగా ఆజ్ఞల పట్టికలు, వ్రాయు వృత్తిలో కూడ చాలకాలము ఇట్టి స్థితియే నడచినది. క్రొత్త ప్రోగ్రామును వాడుకలోనికి విడుదల చేయుట ఒక ఉత్సవము. విడుదల ముగిసిన పిమ్మట పాత ప్రోగ్రామును, దానికై ఏర్పరచిన ఫైళ్ళను, దానిని నడపిన యంత్రములను తొలగించు పనికి మాత్రము పేరును లేదు, ప్రతిష్ఠయు లేదు. ఈ శతాబ్దములో జరిగిన మూడు సంఘటనలు ఆ పని ఎంత గడ్డుదో తెలియజేసినవి.

తొలినాటి ఎలెక్ట్రానిక్ కంప్యూటరులకు ఈ బాధ లేదు. 1949 మే నెలలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పనిచేయనారంభించిన ఎడ్‌శాక్ యంత్రమునకు ప్రోగ్రాము అనగా రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీ. యంత్రము ఆ పట్టీని చదువుకొని, లెక్కచేసి, జవాబును అచ్చువేయును. తరువాతివాని పట్టీ వచ్చునప్పటికి ముందటి ఆజ్ఞలు చెరిగిపోవును. ఆ యంత్రపు మెమొరీ పాదరసము నింపిన గొట్టములు. వానిలో అంకెలు ధ్వనితరంగముల రూపమున పరుగెత్తుచుండెడివి. విద్యుత్తు ఆగిన క్షణమున ఆ జ్ఞాపకమంతయు తనంతట తానే శూన్యమగును. ఇంతకంటె పరిశుభ్రమైన యంత్రము మరల పుట్టలేదు!

ఒకే ప్రోగ్రాము దీర్ఘకాలము నడచుట మొదలైన పిమ్మట చెత్త యను మాట వచ్చినది. 1958లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జాన్ మెకార్థీ అను గణితశాస్త్రజ్ఞుడు లిస్ప్ అను కంప్యూటరు భాషను రూపొందింప మొదలిడెను. ఆ భాషలో లెక్క సాగుచుండగా మెమొరీలో క్రొత్త జాబితాలు పుట్టుచుండును, పాతవి పనికిమాలిన వగుచుండును. వానిలో ఏది ఎప్పుడు అక్కరలేనిదైనదో ప్రోగ్రాము వ్రాయువాడు గుర్తుంచుకొనుట కష్టము. అందువలన మెకార్థీ ఆ పనిని యంత్రమునకే అప్పగించెను. మెమొరీ నిండినపుడు యంత్రము లెక్కను కొంతసేపు ఆపును. వాడుకలోనున్న పేరులనుండి బయలుదేరి, అవి చూపు జాబితాలను, ఆ జాబితాలు చూపు మరికొన్నింటిని వరుసగా చేరి గుర్తు పెట్టును. గుర్తు పడనిదంతయు చెత్త. ఆ స్థలమును మరల వాడుకొనవచ్చును. ఈ పద్ధతి 1960లో ఆయన ప్రచురించిన వ్యాసములో కలదు.

దీనిని తొలిసారి ప్రదర్శించినప్పటి వినోదమును ఆయనయే తరువాత వ్రాసెను. వచ్చిన పెద్దలు ఒక గదిలో టెలివిజను తెరపై చూచుచుండిరి. యంత్రము చక్కగా జవాబు లిచ్చుచుండెను. అంతలో మెమొరీ నిండినది. చెత్త ఊడ్చు విభాగమును పిలువవలసి వచ్చినదనియు, అందుకు సంబంధించిన లెక్కలు ఇవియనియు యంత్రము టైపుచేయ సాగినది. సెకనునకు పది అక్షరముల చొప్పున ఆ లెక్కలు ఎంతకును తెగలేదు. ప్రదర్శనకు ఇచ్చిన కాలమంతయు చెత్త జాబితాకే చెల్లినది. సభలో నవ్వులు చెలరేగినవి.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగును. మెమొరీలోపలి చెత్తను యంత్రము తానే గుర్తింపగలదు. ఏది దేనిని చూపుచున్నదో అక్కడనే వ్రాసియుండును గదా. కాని ఒక సంస్థలోని యంత్రములు, ఫైళ్ళు, పాత ప్రోగ్రాములు ఎవరికి కావలయునో ఏ యంత్రములోను వ్రాసియుండదు. ఆ సంగతి కొందరు ఉద్యోగుల తలలలో నుండును. వారు వేరొక పనికి మారినచో అదియు వారితోడనే పోవును.

నేడు మనము ఫోనులో రైలు టిక్కెట్టు కోరినను, బ్యాంకు నిలువ చూచినను ఎక్కడనో ఒక సర్వరు జవాబిచ్చును. సర్వరు అనగా ఇతర కంప్యూటరుల కోరికలను విని తీర్చు కంప్యూటరు. రద్దీ ఎక్కువైనచోట ఒకే ప్రోగ్రామును ఎనిమిదింటిలోనో, వేయింటిలోనో నిలిపి పని పంచుదురు. క్రొత్త ప్రోగ్రామును విడుదల చేయుట అనగా వానియన్నిటిలో పాతదాని స్థానమున క్రొత్తదానిని నిలుపుట. అయినను పాతదానిని ఆ క్షణముననే చెరపివేయరు. క్రొత్తది చెడినచో వెనుకకు మరలుటకు దారి యుండవలెను. కొందరు పాత సర్వర్లను అట్లే నిలిపి, వాని ప్రక్కన క్రొత్త సర్వర్ల వరుసను లేపి, రాకపోకలను ఇటు మళ్ళింతురు. ఇది మంచి జాగ్రత్తయే. చిక్కంతయు ఈ జాగ్రత్తనుండియే పుట్టును. నాలుగు దినములకని ఉంచినది నాలుగేండ్లు నిలుచును. మూలనున్న పాతది పనిచేయనిదని అందరును అనుకొందురు. యంత్రము మాత్రము అట్లనుకొనదు.

ఇందుకు పూర్వరంగముగా 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని కూరూ కేంద్రమునుండి లేచిన ఏరియేన్-5 రాకెట్టును చెప్పవచ్చును. దిశను కనుగొను పరికరములోని ప్రోగ్రామును ఏరియేన్-4 నుండి తెచ్చి పెట్టిరి. నేలపై నున్నపుడు పరికరమును సరిచేయు ఒక లెక్క అందులో కలదు. రాకెట్టు లేచిన తరువాత కూడ సుమారు 40 సెకనులు అది నడచుచుండును. పాత రాకెట్టుకు అది కావలెను, క్రొత్తదానికి అక్కరలేదు. బాగుగా పనిచేయుచున్నదానిని కదలించుట ఎందుకని ఉంచివేసిరి. క్రొత్త రాకెట్టు పాతదానికంటె వేగముగా అడ్డముగా సాగుటచే ఆ లెక్కలో ఒక సంఖ్య దానికిచ్చిన చోటులో పట్టక పొంగిపోయినది. పరికరము ఆగినది. మొదటి 40 సెకనులలోపలనే రాకెట్టు ముక్కలైనది. అక్కరలేని లెక్క అక్కరగల దానిని చంపినది.

ఇక మొదటి సంఘటన. 2003 జూన్ 10న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా స్పిరిట్ అను ఆరు చక్రముల రోవరును అంగారకునిపైకి పంపినది. అది 2004 జనవరి 4న గుసెవ్ అను బిలములో క్షేమముగా దిగి ఫొటోలు పంపుచుండెను. దాని పదునెనిమిదవ దినమున, అనగా జనవరి 21న, మాట పడిపోయినది. ఆనాడు ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా వద్ద వాన కురియుచుండుటచే తొలుత ఆ నింద వానపై పడినది. వాన వెలిసినను రోవరు పలుకలేదు. వచ్చినవి కూతవంటి సంకేతములు, అర్థములేని తునుకలు. అంగారకుని చేరుటకు రేడియో తరంగమునకే అప్పుడు సుమారు పది నిమిషములు పట్టుచుండెను. అంతదూరమున నున్న రోగికి నాడి చూడవలసి వచ్చినది.

రెండు దినముల తరువాత కొద్దిగా సమాచారము దొరకినది. రోవరు రాత్రులందు నిద్రింపవలసియుండగా మేలుకొనియే యున్నది. తిరిగి తిరిగి తన్నుతాను ప్రారంభించుకొనుచున్నది, అరువదిసార్లకు మించి. బ్యాటరీ తరిగిపోవుచున్నది. కారణము ఫ్లాష్ మెమొరీ యని ఇంజనీర్లు ఊహించిరి. విద్యుత్తు ఆగినను చెరగని ఈ మెమొరీ స్పిరిటులో 256 మెగాబైట్లు కలదు. పనిచేయునపుడు వాడు మెమొరీ అందులో సగము, 128 మెగాబైట్లు. ఫ్లాష్ నందలి ఫైళ్ళ పేరుల పట్టికకు ఒక నకలు ఈ రెండవదానిలో నుంచవలెను. ఫైళ్ళు ఎక్కువైనకొలది పట్టిక పెరుగును. వింత యేమనగా, ఒక ఫైలును తీసివేసినను పట్టికలో దాని గడి అట్లే మిగులును! పట్టిక ఎంత పెరిగినదనగా నకలుకు చోటు చాలలేదు. చోటు చాలనపుడు కంప్యూటరు తన్ను తాను తిరిగి ప్రారంభించుకొనవలెనని నియమము. ప్రారంభమైన వెంటనే అది చేయు మొదటి పనులలో ఒకటి ఆ పట్టికను చదువుట. మరల చోటు చాలదు. మరల ప్రారంభము.

ఇన్ని ఫైళ్ళు ఎక్కడివి? అంగారకునిపై తీసినవి కొన్ని. ప్రయోగము నాటినుండి మిగిలియున్నవి చాల. దారిలో నున్నపుడు రోవరుకు క్రొత్త ప్రోగ్రాములు పంపిరి. పాతవానికి సంబంధించిన ఫైళ్ళు మాత్రము అట్లే నిలిచిపోయినవి. ఇది ఎవరికిని తెలియదనుట పొరపాటు. వానిని తొలగించుటకై ఒక చిన్న ప్రోగ్రామును రెండు భాగములుగా పదునైదవ దినమున పంపిరి. ఒక భాగము చేరినది, రెండవది సరిగా చేరలేదు. పందొమ్మిదవ దినమున మరల పంపవలెనని నిర్ణయించిరి. రోవరు పదునెనిమిదవ దినమున మూగవోయినది. ఒక్క దినము తేడా.

చికిత్స చిత్రమైనది. ఫ్లాష్ మెమొరీ తనకు లేనట్లే భావించి మేలుకొనుమని ఆజ్ఞ పంపిరి. ఇట్టి వికలాంగ స్థితిలో లేచుటకు ముందుగానే ఒక ఏర్పాటు ఉండుట అదృష్టము. స్పిరిట్ లేచినది, మాటాడినది. అప్పుడు వేలకొలది ఫైళ్ళను తీసివేసి, ఫిబ్రవరి మొదటి వారములో ఫ్లాష్ మెమొరీని పూర్తిగా తుడిచి క్రొత్తగా గీతలు గీచిరి. తొంబది దినములు పనిచేసిన చాలుననుకొన్న ఆ రోవరు 2010 మార్చి 22 వరకు భూమితో మాటాడుచునే యుండెను.

స్పిరిట్ విషయములో తుడుపు ఆలస్యమైనది. రెండవ సంఘటనలో తుడుపు అసలే లేదు. ఇది నేలమీదనే, న్యూయార్కు షేర్ల బజారులో జరిగినది.

నైట్ క్యాపిటల్ అను సంస్థ ఖాతాదారుల తరపున షేర్ల క్రయవిక్రయములు జరుపుచుండెను. పెద్ద ఆర్డరును చిన్నచిన్న ఆర్డర్లుగా విడదీసి బజారుకు పంపు ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో నడపుచుండెను. ఆ ప్రోగ్రాములో పవర్ పెగ్ అను ఒక భాగము కలదు. 2003లో దాని వాడుకను మానిరి, తీసివేయలేదు. పది బస్తాల బియ్యము కొనుమని పంపిన మనిషి ఒక్కొక్క బస్తా కొనుచు, పది కాగానే చాలునని ఆగవలెను గదా. అట్లు లెక్కించి ఆపు ఏర్పాటును 2005లో ప్రోగ్రాములో వేరొక చోటికి మార్చిరి. అట్లు మార్చిన పిమ్మట పవర్ పెగ్ లెక్క నిలుపుకొనగలదా అని ఎవరును పరీక్షింపలేదు. వాడనిదానిని పరీక్షించువాడెవడు? అంటే, ఆనాటి నుండి ఆ మూలలో ఎన్ని బస్తాలు కొనెనో లెక్క తెలియని మనిషి కూర్చుండియున్నాడు. పిలువనంతకాలము ప్రమాదము లేదు.

2012 ఆగస్టు 1న న్యూయార్కు ఎక్స్ఛేంజి ఒక క్రొత్త పథకమును ప్రారంభింపనున్నది. అందుకు తగిన ప్రోగ్రామును నైట్ ఉద్యోగులు వ్రాసిరి. పవర్ పెగ్‌ను పిలుచుటకు పూర్వము వాడిన గుర్తునే క్రొత్త పనికి వాడుకొనిరి. పాత ఆజ్ఞలు పోయి ఆ స్థానమున క్రొత్తవి చేరును గనుక గుర్తు ఒకటే యైనను బాధలేదని వారి ఊహ. జూలై 27 మొదలు క్రొత్త ప్రోగ్రామును కొద్దికొద్దిగా సర్వర్లలో నిలిపిరి. ఏడింటిలో నిలిచినది. ఎనిమిదవదానిలో పెట్టుట ఒక ఉద్యోగి మరచెను. రెండవ ఉద్యోగి సరిచూడవలెనను నియమము ఆ సంస్థలో లేదు.

ఆగస్టు 1 ఉదయము 8 గంటల 1 నిమిషమునుండి బజారు తెరచులోపల ఆ సంస్థ కంప్యూటరులు తమంతట తామే 97 ఈ-మెయిళ్ళు పంపినవి. పవర్ పెగ్ పేరు వానిలో స్పష్టముగా నున్నది. అవి హెచ్చరికలని ఎవరును భావింపలేదు. తొమ్మిదిన్నరకు బజారు తెరచినది. క్రొత్త గుర్తుగల ఆర్డర్లు ఎనిమిదవ సర్వరుకు చేరినవి. అచ్చట ఆ గుర్తుకు పాత అర్థమే. తొమ్మిదేండ్లుగా మూలనున్న మనిషి లేచి బజారుకు పోయెను.

కేవలము 212 చిన్న ఆర్డర్లను తీర్చబోయి ఆ సర్వరు 45 నిమిషములలో లక్షలకొలది ఆర్డర్లను పంపినది. 154 కంపెనీల షేర్లలో 40 లక్షల క్రయవిక్రయములు, 39 కోట్ల 70 లక్షలకు మించిన షేర్లు. వలదనుకొన్న షేర్లు 350 కోట్ల డాలర్ల మేరకు చేతికి వచ్చినవి, లేని షేర్లు 315 కోట్ల డాలర్ల మేరకు అమ్ముడుపోయినవి. వానిని వదిలించుకొనునప్పటికి నష్టము 46 కోట్ల డాలర్లు దాటినది.

ఇందులో విచారింపదగిన ఘట్టము మరొకటి కలదు. నష్టము పెరుగుచుండగా ఇంజనీర్లు క్రొత్త ప్రోగ్రామునే అనుమానించిరి. అది సహజమే, ఆనాడు మారినది అదియే గదా. వెంటనే సరిగా నున్న ఏడు సర్వర్లనుండి క్రొత్త ప్రోగ్రామును తొలగించిరి. అనగా వెనుకకు మరలిరి. వెనుకకు మరలినచోట నున్నది పవర్ పెగ్! ఒక్కనికి బదులు ఎనమండుగురు బజారుకు పోయిరి. వెనుకకు దారి యుండవలెనను నియమము మంచిదే గాని, ఆ దారి ఎచ్చటికి పోవునో ముందుగా నడచి చూచినవారు లేకపోయిరి. ఆ ఘోరమును నిలుపుటకు కొలదిదినములలో నైట్ సంస్థ ఇతరులనుండి 40 కోట్ల డాలర్లు తెచ్చుకొనవలసి వచ్చినది. మరుసటి సంవత్సరము జూలైలో వేరొక సంస్థలో కలిసిపోయినది. 2013 అక్టోబరు 16న అమెరికా షేర్ల బజారు నియంత్రణ సంఘము విచారణ ముగించి 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా ప్రకటించెను. పైని చెప్పిన వివరములలో పెక్కు ఆ ఉత్తర్వులో నున్నవే. ప్రోగ్రాములు వ్రాయువారు తప్పక చదువదగిన పత్రమది. అందు కనబడునది దొంగతనము కాదు, మరచిపోవుట.

ఈ నడుమ సర్వర్ల స్వరూపమే మారినది. 2006లో అమెజాన్ సంస్థ కంప్యూటరులను గంటల లెక్కన అద్దెకిచ్చు ఏర్పాటు చేసెను. అంతకుముందు క్రొత్త సర్వరు కావలెనన్న డబ్బు మంజూరు కావలెను, పెట్టె రావలెను, గదిలో చోటుండవలెను. ఇప్పుడు నాలుగు మాటలు టైపుచేసిన చాలును. పుట్టించుట ఇంత సులభమైనపుడు మరచిపోవుటయు అంత సులభమగును. ప్రతి విడుదలకు లేపిన సర్వర్లు, నకళ్ళు, తాత్కాలిక నిలువలు ఎవరికిని పనికిరాకయే అద్దె తినుచుండును. ఇందుకు విరుగుడుగా నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2013 ఆరంభములో ఊడ్చెడి కోతి యను అర్థము వచ్చు జానిటర్ మంకీ అను ప్రోగ్రామును అందరికిని ఉచితముగా ఇచ్చినది. అది ఎవరును వాడనట్లు తోచినవానికి గుర్తు పెట్టును. వాని యజమానికి ఉత్తరము వ్రాయును. కొన్ని దినములు వేచియుండును. అభ్యంతరము రాకున్నచో తీసివేయును. మెకార్థీ యంత్రము పెట్టిన గుర్తుతో దీనిని పోల్చి చూడవచ్చును. అచ్చట గుర్తు పడినది బ్రతుకును, ఇచ్చట గుర్తు పడినది పోవును. ముఖ్యమైన భేదము వేరొకటి: ఇచ్చట మనిషిని అడుగవలసి వచ్చినది.

అడిగినను తప్పు రావచ్చునని మూడవ సంఘటన చూపినది. ఆస్ట్రేలియాలో పుట్టిన అట్లాసియన్ అను సంస్థ ఇతర కంపెనీల పనులను వరుసపెట్టుకొనుటకు తగిన ప్రోగ్రాములను తన సర్వర్లనుండియే అందించుచున్నది. సామగ్రి లెక్కలు చూచు ఇన్‌సైట్ అను చిన్న ప్రోగ్రామును అది తన పెద్ద ప్రోగ్రాములో కలిపివేసెను. విడిగా నున్న పాత ఇన్‌సైట్ ఇక అక్కరలేదు. ఖాతాదారుల స్థలములనుండి దానిని తీసివేయవలెను. విడుదల తరువాతి తుడుపు పనికి ఇంతకంటె చక్కని ఉదాహరణ లేదు.

తీసివేయవలసినవాని సంఖ్యల పట్టికను ఒక జట్టు మరియొక జట్టుకు ఇచ్చెను. మొదట 30 స్థలములలో చేసి చూచిరి. ఏ బాధయు లేదు. తరువాతి పట్టికలో మాటల పొరపాటు జరిగినది. ఇన్‌సైట్ ప్రోగ్రాము సంఖ్యలకు బదులు ఖాతాదారుల స్థలముల సంఖ్యలే అందులో వచ్చినవి. గదిలోని పాత బీరువాను తీసివేయుమని చెప్పబోయి ఇంటి నంబరు ఇచ్చినట్లైనది. తీసివేయు ప్రోగ్రాము రెండురకముల సంఖ్యలను అంగీకరించును. ఇది ఇల్లా, బీరువాయా అని అడుగదు. పైగా అందులో తీసివేయుట రెండు విధములు. ఒకటి మరల తెచ్చుకొనదగినది, రెండవది శాశ్వతము. ఆనాడు ఎంచుకొన్నది రెండవది.

2022 ఏప్రిల్ 5న గ్రీనిచ్ కాలమానము ప్రకారము ఉదయము 7 గంటల 38 నిమిషములకు పని మొదలైనది. 8 గంటల 1 నిమిషమునకు ముగిసినది. ఈ 23 నిమిషములలో 775 మంది ఖాతాదారులకు చెందిన 883 స్థలములు అదృశ్యమైనవి. సహాయము కోరుచు ఉత్తరము వ్రాయవలెనన్న ఖాతాదారుడు తన స్థలము పేరు చెప్పవలెను. ఆ పేరే ఇప్పుడు లేదు. వారిని తామే పలుకరించుదమన్న వారి చిరునామాలును వానితోడనే పోయినవి.

నకళ్ళు భద్రముగా నున్నవి. అయినను వానిని తెచ్చి ఒక్కమారుగా పరచుటకు వీలులేదు. ఒకే నిలువలో పెక్కుమంది ఖాతాదారుల సమాచారము కలిసియుండును. నకలును పరచినచో, ఏ హానియు పొందని ప్రక్కవారు ఆనాటినుండి చేసిన పని చెరిగిపోవును. అందువలన ఒక్కొక్కరి సమాచారమును ఏరి, వేరుచేసి, స్థలమును మరల కట్టి, ఖాతాదారునిచే సరిచూపించి అప్పగింపవలసి వచ్చినది. ఏప్రిల్ 8న మొదటివారికి తిరిగి చేరినది, ఏప్రిల్ 18 నాటికి చివరివారికి. కోల్పోయినది ప్రమాదమునకు ముందటి కొద్ది నిమిషముల సమాచారము మాత్రమే. కొందరు ఖాతాదారులు ఎదురుచూచినది పదునాలుగు దినములు.

ఆ నెలాఖరున సంస్థ ప్రకటించిన నివేదికలో పొరపాటు చేసిన ఉద్యోగి పేరు లేదు. తమ సర్వర్లలో ఖాతాదారుని స్థలమును ఇకమీదట ఎవరు తీసివేసినను అది మొదట మరుగున మాత్రమే పడవలెననియు, కొంత గడువు గడచిన పిమ్మటనే శాశ్వతముగా తొలగవలెననియు అందులో వ్రాసికొనిరి.